రాయి దగ్గర విడిచిన చెప్పులు

మా అన్నయ్య, అతని ముగ్గురు స్నేహితులు ఒక ఆదివారం అడవిలోకి వెళ్లారు. తిరిగి రాలేదు. ఏమయ్యారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇది చదివేవాళ్లు చివర్లో ఏదో బయటపడుతుందని ఆశపడకూడదని ముందే చెబుతున్నాను. నేను చాలాకాలం అలాగే ఆశపడ్డాను, దానివల్ల ఒరిగిందేమీ లేదు.

నలుగురూ కూసుమంచిలో ఒకే బడిలో చదువుకున్నారు. పదో తరగతి తర్వాత దారులు వేరైనా సాయంత్రాలు మాత్రం వేరు కాలేదు. అన్నయ్యది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, పాత తీగ తీసేసి, కొత్త రాగితీగ చుట్టేవాడు. రెండో అతను ట్రాలీ ఆటో నడిపేవాడు. మూడో అతను బడిలో విద్యా వాలంటీరు. నాలుగో అతను ఎరువుల దుకాణంలో గుమాస్తా. దుకాణాలు మూసే వేళకు ముగ్గురూ అన్నయ్య షాపు ముందు బల్ల మీదికి చేరేవారు. ఎక్కువగా చేసే పని ఒకరినొకరు ఏడిపించుకోవడం. "నీ చేతిల పడ్డ మోటరు, ఈ సారు చేతిల పడ్డ పోరగాడు రెండూ ఒక్క తీరే, మల్ల జన్మల గాని బాగుపడవు" అని ట్రాలీ అతను అంటే, వాలంటీరు "నీ ట్రాలీ ఎక్కినోడికి మల్ల జన్మ జల్దీ వస్తది గదా, ఆడ బాగుపడ్తడు లే" అనేవాడు. నేనప్పుడు ఖమ్మంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాను. సెలవులకు వచ్చినప్పుడు ఆ బల్ల చివర కూర్చునేవాణ్ని.

బూర్గంపాడు దాటాక అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడి మంచినీళ్ల బోరుకు మోటారు బిగించడానికి అన్నయ్య ఒక కాంట్రాక్టరు వెంట వెళ్లాడు. అది కాలిపోతే మళ్లీ వెళ్లాడు. ఆ గూడెం పెద్దాయనకు అన్నయ్య నచ్చాడు. వానలు తగ్గుముఖం పట్టాక రమ్మనీ, కొండ కింద వాగు మడుగు చూడాల్సిందేననీ చెప్పాడట. ఏడాదిపాటు అన్నయ్య ఆ మడుగు గురించి చెప్పీ చెప్పీ, చివరికి వినాయక నిమజ్జనం అయిపోయిన తర్వాతి ఆదివారం నలుగురూ పొద్దున్నే బస్సెక్కారు. వదిన పులిహోర కలిపి, మోదుగ విస్తళ్లలో నాలుగు పొట్లాలు కట్టి ఇచ్చింది.

"అత్తమ్మ అడిగితె ఏడికని చెప్పాలె?" అని అడిగిందట.

"భద్రాచలం దర్శనానికని చెప్పు. అడివంటె అమ్మ గడప దాటనియ్యది."

అలా ఆ అబద్ధం మొదట అన్నయ్యదే. అమ్మ దిగులు పడకూడదని ఆడిన చిన్న అబద్ధం. అది తర్వాత ఎంత పెద్దదవుతుందో అతనికి తెలిసే వీలు లేదు.

సోమవారం రాలేదు. మంగళవారం మధ్యాహ్నానికి నలుగురి ఇళ్లవాళ్లూ మా ఇంట్లో చేరారు. నాకు ఫోను వస్తే ఖమ్మం నుంచి వచ్చేశాను. అప్పటికి వదిన నిజం చెప్పేసింది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అందరూ మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఏమంటాడా అని చూస్తున్నారు. మామ బస్సు కండక్టరు. భద్రాచలం వైపు రూట్లో చాలా ఏళ్లు తిరిగాడు. ప్రయాణికులను దింపేసి నక్సలైట్లు బస్సు తగలబెట్టడం రోడ్డు పక్కన నిలబడి చూసినవాడు. ఆ తర్వాత నువ్వేం చూశావని పోలీసులూ, వాళ్లూ అడిగితే రెండు వైపులా ఏమీ చూడలేదని చెప్పి బతికినవాడు.

"అడివి మాట ఎత్తొద్దు" అన్నాడు మామ. "నలుగురు వయసు పోరగాండ్లు అడివికి పోయి రాలేదని ఠాణల రాపిస్తె ఏమంటరు? అన్నలల్ల కలిసిన్రంటరు. ఇగ మన ఇండ్ల చుట్టు జీపులు తిరుగుతనే ఉంటయి. అటు అన్నలకు తెలిసిందనుకో, వీళ్లెవరు, ఎవరు పంపిన్రని వాళ్లు పట్టుకుంటరు. ఎటు జూసినా సచ్చేది మన పోరగాండ్లే."

వంటింటి గుమ్మంలో నిలబడి వదిన అంది: "మరి పోయిన కాడ ఎతకకపోతె ఎట్ల దొరుకుతరు చిన్నాయనా?"

"దొరికినంక బతకాలె గదా బిడ్డా. వాళ్లే వస్తరు చూడు. ఏ వానకో చిక్కుంటరు. అందాక గోదారి స్నానానికి పోయిన్రని రాపిద్దాం. అక్కకు చెప్పిన భద్రాచలం మాటే గదా."

ఎవరూ కాదనలేదు. ఆ రోజుల్లో ఆ దిక్కున ఉన్నవాళ్లకు ఆ మాటలో తప్పు కనిపించేది కాదు. అడవిలోకి వెళ్లిన మనిషిని గురించి గట్టిగా అడగడమే అతనికి ప్రమాదం అనుకునేవాళ్లం. వేరే జిల్లాల వాళ్లకు ఇది చెబితే ఇప్పటికీ నమ్మరు. సొంత మనుషులు తప్పిపోతే తప్పు చోటు చెప్పి వెతికిస్తారా అంటారు. మేము చెప్పాం. ప్రేమతోనే చెప్పాం.

తర్వాత జరిగిందంతా దాని ప్రకారమే జరిగింది. గోదావరి నిండుగా ఉంది. పోలీసులు పడవలు పెట్టించారు. పడవ మనిషి మామను అడిగాడు: "ఏ రేవుల దిగిన్రు? పొద్దుగాలనా, పొద్దుమీకినా?" మామ ఒక రేవు చెప్పాడు, ఒక వేళ చెప్పాడు. వాళ్లు ఆ రేవు నుంచి, ఆ వేళ నీటి వడిని బట్టి, దిగువకు గాలాలు వేసుకుంటూ వెళ్లారు. ఎండలో, ఎంతో ఓపికగా, మేము కల్పించి చెప్పిన చోట వెతికారు. ఒడ్డున నిలబడి చూడటం నా పని. దిగువన ఎక్కడైనా శవం తేలితే కబురు వచ్చేది. వెళ్లి చూడాలి. అన్నయ్య గోదావరిలో లేడని నాకు తెలుసు. అయినా గుడ్డ తొలగించే క్షణంలో ప్రతిసారీ అన్నయ్య ముఖాన్నే వెతికేవాణ్ని. ఎవరో ఒక తెలియని మనిషి ముఖం. మా వాడు కాదని చెప్పి వచ్చేసేవాణ్ని. ఆ మనిషి కోసం వాళ్లవాళ్లు ఎక్కడ వెతుకుతున్నారో అనిపించేది.

చివరికి గుమాస్తా వాళ్ల నాన్న, నేను ఎవరికీ చెప్పకుండా గూడేనికి వెళ్లాం. అప్పటికి వారం దాటింది.

మమ్మల్ని చూడగానే పెద్దాయన మంచం మీద నుంచి లేచాడు. ఎవరని అడగలేదు. లోపలికి తిరిగి తమ భాషలో ఏదో అన్నాడు, ఒకామె నీళ్లు తెచ్చింది. తాగాక ఆయనే అన్నాడు:

"ఇన్నాళ్లకు వచ్చిన్రు. రోజూ దారి జూస్తనే ఉన్నం."

"మీరన్నా కబురు పంపకపోయిన్రా?" అన్నాడు గుమాస్తా నాన్న.

"ఎవరికి పంపాలె? ఊరి పేరు తెల్వదు. పోలీసోల్లకు చెప్తె ముందు మా పోరగాండ్లనే తీస్కపోతరు. వాళ్లు మీ వాళ్లు, మీరే వస్తరనుకున్నం."

మేము అక్కడ ఎవరినీ అడగడానికి భయపడి ఇంట్లో కూర్చున్నాం. వాళ్లు ఎవరికీ చెప్పడానికి భయపడి గూడెంలో కూర్చున్నారు. రెండూ ఒకటే భయం. మధ్యలో నలుగురు మనుషులు ఉన్నారు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ వచ్చారని, మడుగు చూసి పొద్దు వాలే లోపు వస్తామని వెళ్లారని ఆయన చెప్పాడు. సాయంత్రం పెద్ద వాన పడింది. వానకు అవతలి దారిన రోడ్డుకు దిగిపోయి ఉంటారనుకున్నారు. మర్నాడు చూస్తే రాయి దగ్గర చెప్పులు అలాగే ఉన్నాయి. గూడెం మగవాళ్లు మడుగు దాకా, దాన్ని దాటి కొండ మీదికి వెళ్లి అరిచి వచ్చారు. మడుగు పక్కన బండ సందులో నాలుగు విస్తళ్లు దొరికాయి. తిన్నాక మన ఊళ్లలో మడిచినట్టే లోపలికి మడిచి ఉన్నాయట. అంటే అక్కడిదాకా వెళ్లారు, కూర్చుని అన్నం తిన్నారు. ఆ తర్వాతిది వాన కడిగేసింది.

పెద్దాయన మమ్మల్ని రాయి దగ్గరికి తీసుకెళ్లాడు. గూడెం దాటి కొంత నడిస్తే కాలిబాట పక్కన పసుపు పూసిన నిలువు రాయి ఉంది. అది వాళ్ల అమ్మవారి హద్దు. దాని అవతలికి ఎవరైనా చెప్పులు విడిచే వెళ్లాలి. మా వాళ్లకూ అదే చెప్పారు. చెప్పులు రాయి పక్కన వరుసగా ఉన్నాయి, ముందువైపు అడవికి తిరిగి. నేను ఒక్కొక్క జతే చూశాను. ట్రాలీ అతని తోలు చెప్పులు. గుమాస్తావి బకిల్ సాండల్స్. బకిళ్లు తీరుబడిగా విప్పి ఉన్నాయి, లాగేసినట్టు లేవు. వాలంటీరువి బూట్లు. వాటి లోపల మేజోళ్లు మడిచి పెట్టి ఉన్నాయి. అన్నయ్యవి నీలం పట్టీల హవాయి చెప్పులు. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. మేజోళ్లు మడిచి పెట్టుకున్న మనిషి తిరిగి వచ్చి వేసుకుందామనే వెళతాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ సందేహం లేదు.

నేను వంగి అన్నయ్య చెప్పుల మీద చెయ్యి వేయబోయాను.

"ముట్టొద్దు బాబూ" అన్నాడు పెద్దాయన. "ఈడ ఇడిచినయి చేత్తోని ఎత్తొద్దు. కాళ్లకేసుకోనే పోవాలె. అందుకే మేము ముట్టలే."

గుమాస్తా నాన్న అక్కడే కూర్చుండిపోయాడు. కొడుకు సాండల్స్‌కు ఎదురుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని. కాసేపటికి నేనే ఆయన్ని లేపాను.

ఏదైనా పనిచేయకపోతే కారణాలన్నీ వరుసగా రాసుకుని, ఒక్కొక్కటే పరీక్షించి కొట్టేయడం డిప్లొమాలో మాకు నేర్పిన పద్ధతి. తర్వాత నేను సెల్ టవర్ల మెయింటెనెన్సులో చేరాను. అక్కడా అంతే. కరెంటు రావడం లేదా, బ్యాటరీలు పోయాయా, జనరేటరులో డీజిల్ లేదా, కేబుల్ ఎలుకలు కొరికాయా అని కొట్టేసుకుంటూ వస్తే ఒకటి మిగులుతుంది. అన్నయ్య విషయంలో కూడా రాశాను. వాగు పొంగింది అని రాశాను. కానీ దిగువన వాగుకు అడ్డంగా కట్టువ ఉంది, కొట్టుకొచ్చిన మొద్దులన్నీ అక్కడే ఆగుతాయి, అక్కడ గుడ్డముక్క కూడా లేదు. జంతువు అని రాశాను. నలుగురినా? దారి తప్పారు అని రాశాను. ఉత్త కాళ్లతో ముళ్లలో ఎంత దూరం పోతారు? అన్నలు అని రాశాను. మామ తనకు తెలిసిన మార్గంలో అడిగించాడు, మాకు తెలియదని జవాబు వచ్చింది. అటువైపు కూంబింగుకు తిరిగే మరో తుపాకుల వాళ్లను మాత్రం ఎవరూ అడగలేకపోయారు. ఏ ఒక్కటీ నమ్మదగ్గది కాదు, ఏ ఒక్కటీ కొట్టేయదగ్గదీ కాదు. ఆ కాగితం చించేశాను గానీ దానివల్ల మనసులో వరుస చెరిగిపోలేదు.

ఏళ్లు గడిచాయి. షాపు మూతపడుతుందనుకున్నాం. వదిన తీసింది. అన్నయ్య పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకున్న పని ఆమెకు సగం వచ్చు. మిగతా సగం నేను సెలవు రోజుల్లో చెప్పాను. మొదట్లో రైతులు నమ్మేవారు కాదు. తర్వాత ఆమె చుట్టిన వైండింగే ఎక్కువ కాలం వస్తుందని అడిగి ఇచ్చేవాళ్లు. ఆమె ముంగురుల్లో వార్నిష్ వాసన ఉండేది. బొట్టు, గాజులు, మెట్టెలు అన్నీ అలాగే ఉండేవి. ప్రతి ఏడూ బతుకమ్మ పేర్చేది. వీధిలో ఒకామె ఒకసారి వినేలాగే అంది:

"మొగడు ఏడున్నడో తెల్వదు గాని పువ్వులు మాత్రం నిండుగ పేరుస్తది."

వదిన తలెత్తకుండా తంగేడు పూలు సర్దుకుంటూ, "తెలిసిన్నాడు నీకే మొదలు చెప్త లే అక్కా. గాజులు పగలగొట్టెతందుకు నువ్వే ముందుంటవు గదా" అంది. వదిన ఆ సాయంత్రమంతా పాడింది. ఇంటికొచ్చాక అన్నం తినలేదు.

నా ఉద్యోగం వల్ల బూర్గంపాడు వైపు టవర్లకు వెళ్లాల్సి వచ్చేది. వెళ్లినప్పుడల్లా గూడేనికి వెళ్లి రాయి దగ్గర నిలబడి వచ్చేవాణ్ని. తోలు చెప్పులు ముందు పోయాయి. చెదలు పట్టి, ఒక వానకాలం తర్వాత మట్టిలో కలిశాయి. బూట్లు బిగుసుకుపోయి, పగిలి, లోపల గడ్డి మొలిచింది. సాండల్స్ అడుగులు మిగిలాయి, బకిళ్లు తుప్పు పట్టాయి. హవాయి చెప్పులు మాత్రం రబ్బరు కాబట్టి రంగు వెలిసి, అలాగే ఉన్నాయి. ఇంటికొస్తే వదిన ఒకే మాట అడిగేది: "ఉన్నయా తమ్మీ?" ఉన్నాయని చెప్పేవాణ్ని. చాలు, పనిలో పడేది.

అమ్మ బాధ వేరుగా ఉండేది. వినాయక చవితి వెళ్లాక వచ్చే పెద్దల దినాలు ఆమెకు నరకం. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు, పురోహితం చేసే అయ్యగారికి ఇవ్వడానికి బియ్యం, పప్పు, కూరగాయలు విస్తరిలో సర్దేది. నాన్న పేర ఒకటి. రెండో విస్తరి వేసి, అందులో బియ్యం పోయాలో వద్దో తెలియక చేతిలో గిద్దె పట్టుకుని అలా ఉండిపోయేది. పోస్తే కొడుకును చంపినట్టు. పోయకపోతే, వాడు నిజంగానే పోయి ఉంటే, ఏడాదికి ఒక్కరోజు వచ్చి ఆకలితో తిరిగి వెళ్లినట్టు. చివరికి ఖాళీ విస్తరి తీసి గోడకు ఆనించేది.

ఏడో ఏడు అమ్మకు జబ్బు చేసింది. ఖమ్మం దవాఖానాలో పెట్టి తీసుకొచ్చాం. కళ్లు కూడా మసకబారాయి. మంచంలో నుంచే అయ్యగారిని పిలిపించింది. ఆయన ఒక దారి చెప్పాడు. మనిషి దొరకనప్పుడు మోదుగాకులతో మనిషి ఆకారం పేర్చి, దానికి దహనం చేసి కర్మ చేయవచ్చు. మామూలుగా పన్నెండేళ్లు ఆగమంటారు. తల్లి ఆయుష్షు అంతదాకా ఉండేలా లేనప్పుడు తాను కాదనలేనన్నాడు. చేశాక ఒకవేళ మనిషి తిరిగొస్తే అతను మళ్లీ పుట్టినట్టే లెక్క, పేరు పెట్టడం దగ్గర నుంచి అన్నీ మళ్లీ చేయాలి. అన్నయ్యకు కొడుకు లేడు కాబట్టి తమ్ముడు నిప్పు పెట్టాలి. తమ్ముణ్ని నేనే.

"నేను పోయే లోపు వానికింత అన్నం పెట్టిపోత" అంది అమ్మ. "నా ఎనుక ఎవరు పెడ్తరు?"

అందరం వదిన వైపు చూశాం. ఆమె అప్పుడే షాపు నుంచి వచ్చింది. చేతులకు రాగి పొడి ఉంది.

"చెయ్యండ్రి" అంది. "కాకపోతె ఒకటి. ఆయన గోదాట్ల లేడు. ఏడికి పోయిండో అది ముందు రాపియ్యాలె. లేని కాడ ఎతికిపిచ్చిన్రు. ఇప్పుడు ఉన్న కాడ రాయకుంట కాలుస్తమంటె నేనొప్ప."

మామ అక్కడే ఉన్నాడు. బాగా వంగిపోయాడు. "ఏడేండ్లకు పోయి అబద్ధం చెప్పినమని మనమే చెప్పుకోవాల్నా బిడ్డా?" అన్నాడు.

"నువ్వు చెప్పకు చిన్నాయనా. నేను చెప్త."

"నీ మీద కేసు పెడితె?"

"పెట్టనియ్యి."

మామ మెల్లగా లేచాడు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ దినం నువ్వన్న మాటే కరెక్టు" అన్నాడు. వదిన ఆయనకు మంచినీళ్లు ఇచ్చి పంపింది.

మిగతా మూడు ఇళ్లకూ నేను తిరిగాను. గుమాస్తా నాన్న చనిపోయాడు, వాళ్ల అమ్మ నీ ఇష్టం అయ్యా అంది. వాలంటీరు వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. ట్రాలీ అతని నాన్న మాత్రం నన్ను లోపలికి కూడా రమ్మనలేదు.

"మా చిన్నోడు కానిస్టేబులుకు సెలెక్టయిండు. ఎంక్వైరీ నడుస్తంది. అన్న అడివికి పోయి మల్ల రాలేదని కాయితం మీద పడితె ఆ పోరని నౌకరి ఏమైతది? నీకు దండం పెడ్త బిడ్డా. నా పెద్దోడు గోదాట్లనే ఉండనియ్యి."

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. ఆమె చాలాసేపు రాగితీగ చుట్టను చేతిలో తిప్పుతూ కూర్చుంది. మర్నాడు ఇద్దరం స్టేషనుకు వెళ్లాం. కొత్త ఎస్సై, నా వయసువాడే. విని, పాత ఫైలు తెప్పించాడు.

"అప్పుడు గోదావరన్నరు. ఇప్పుడు అడివంటున్నరు. ఏది నిజం?"

"ఇది" అంది వదిన.

"అప్పుడెందుకు చెప్పలే?"

"భయమయింది సారూ."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంది. అయినా రాసుకోండ్రి."

అతను కలం తీశాడు. "నలుగురూ అడివికే పోయిన్రా?"

వదిన నా వైపు చూడలేదు. "నాకు మా ఆయన సంగతే తెలుసు సారూ" అంది.

అతనికి అర్థమైందనే అనుకుంటాను. ఆమె చెప్పినట్టే రాసుకున్నాడు. ఆ అడవి ఉన్న పరిధి స్టేషనుకు పంపుతామని, ఇన్నాళ్లకు ఏదైనా తెలుస్తుందని ఆశపెట్టుకోవద్దని మెల్లగా చెప్పాడు. కేసేమీ పెట్టలేదు. ఆ రోజు నుంచి కాగితాల ప్రకారం ముగ్గురు గోదావరిలో మునిగారు, ఒక్కడు అడవిలో తప్పిపోయాడు. నలుగురూ ఒకే బస్సెక్కారు.

బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, "ఇది కూడ సగమే గదా వదినా" అన్నాను.

"తెలుసు తమ్మీ. ఆ ముసలాయన బతికున్న కొడుకును చూసుకుంటుండు. నేనేమనాలె?"

మోదుగాకులు ఊరి చుట్టుపక్కల కూడా దొరుకుతాయి. కానీ వదిన అవి అక్కడి నుంచే తేవాలంది. పెత్రమాసకు ముందు రోజు ఇద్దరం గూడేనికి వెళ్లాం. ఏడేళ్లలో ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. పెద్దాయన బతికే ఉన్నాడు. కర్ర పట్టుకుని మా వెంట నడిచాడు. ఆకులు ఎందుకో చెబితే విని, "మేము ఆకుల బువ్వ తింటం" అని మాత్రం అన్నాడు. మంచిదనో చెడ్డదనో అనలేదు. తనే ఒక చెట్టు చూపించి, పురుగు తినని ఆకులు ఏరి ఇచ్చాడు.

రాయి దగ్గరికి వచ్చాం. వదిన వరుసలో మిగిలిన వాటిని, మిగలని వాటి చోటును కూడా చూసింది. తర్వాత తన చెప్పులు నేల మీద పెట్టకుండా తీసి నా చేతికిచ్చి, గడ్డిలో నుంచి ఆ నీలం హవాయి చెప్పుల్లోకి కాళ్లు పెట్టింది. ఎండకు, వానకు అవి బిర్రబిగుసుకుపోయాయి. ఆమె పాదాలకు బాగా పెద్దవి. ఒక అడుగు వేయగానే తుప్పు పట్టిన పిన్నీసు విరిగి, పట్టీ ఊడింది.

ఆమె ఆగింది. పెద్దాయన వైపు చూసి అడిగింది: "ఇప్పుడు ముట్టొచ్చా తాతా?"

"కాలికున్నంక నీయే గదమ్మా."

కొంగు ముడి విప్పింది. అందులో రాగితీగ ముక్క ఉంది. ఇంటి దగ్గరే అనుకుని తెచ్చుకున్నట్టుంది. కూర్చుని, చెప్పు కాలికి ఉండగానే పట్టీ కింద నుంచి తీగ దూర్చి, నాలుగు మెలికలు వేసి, కొస లోపలికి వంచింది. కాయిల్‌కు చివరి ముడి వేసే తీరే అది. అన్నయ్య వేసే తీరు. లేచి నడిచింది. ఆమె చెప్పులు నా చేతిలోనే ఉన్నాయి. దారంతా ఆ పెద్ద చెప్పులు మడమలకు టపటప కొట్టుకున్నాయి. బస్సులో కూడా విప్పలేదు.

కర్మ మర్నాడు పొద్దున చెరువు పక్క చేనులో జరిగింది. అయ్యగారు చెబుతుంటే నేను ఆకులు పేర్చాను. తల, మెడ, భుజాలు, ఛాతీ. ఏ భాగానికి ఎన్ని ఆకులో ఆయనకు లెక్క ఉంది. నేను ఆ లెక్క తప్పకుండా చూసుకున్నాను, ఎందుకంటే చేతులకు ఏదో ఒక పని కావాలి. పేర్చడం అయ్యాక దూరం నుంచి చూస్తే అది మనిషిలాగే ఉంది. అన్నయ్య అంత పొడుగు లేదు. నిప్పు పెట్టాను. పచ్చి ఆకులు కదా, తొందరగా అంటుకోలేదు. నెయ్యి పోసినా పొగే ఎక్కువ వచ్చింది. అందరి కళ్లల్లో నీళ్లు వచ్చాయి, ఎవరివి దేనికో చెప్పడం కష్టం. మామ దూరంగా చేను గట్టు మీద కూర్చున్నాడు. వదిన గాజులు తనే తీసింది. ఎవర్నీ పగలగొట్టనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ మంచం మీద కూర్చునే రెండో విస్తరిలో బియ్యం పోసింది. మసక కళ్లకు అంచు తెలియక కొంత కింద పడింది. పడిన గింజల్ని కూడా వెతికి వెతికి ఏరి అందులోనే వేసింది.

సాయంత్రం వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ మొదలైంది. చప్పట్లు, పాట వినిపిస్తున్నాయి. వదిన తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చుంది. ఆ ఏడు ఆమె పూలు తెప్పించలేదు. నన్నొకసారి పిలిచి, రేపు పొద్దున ఒక మోటారు డెలివరీ ఇవ్వాలని గుర్తుచేసింది. నేను సరేనన్నాను.

అమ్మ పాట వినాలని గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. వెనకే వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మెట్టు పక్కన చెప్పులు విడిచి ఉన్నాయి, ముందువైపు ఇంట్లోకి తిరిగి. మగవాళ్ల చెప్పులు, పెద్దవి. అమ్మకు మసక కళ్లలో రంగు కనపడి ఉండదు, ఆకారం కనపడింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరొచ్చిన్రు?" అంది.

లోపల నుంచి వదిన గొంతు వినిపించింది.

"ఎవరు రాలే అత్తమ్మా. నాయే."